ఇంటర్వ్యూల పరిశోధనలో ఏఐని ఎక్కడిదాకా రానివ్వాలి: ఆరోగ్య రంగంలో గుణాత్మక అధ్యయనం చేసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

కమ్యూనిటీ మెడిసిన్ పీజీలు, నర్సింగ్, సోషల్ వర్క్ విద్యార్థులు, ఎన్జీవోల్లో ఫీల్డ్ పని చేసేవాళ్లు, వీళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అంకెల సర్వే గురించి కాదు. మనుషులతో కూర్చుని, మాట్లాడించి, ఆ మాటల్లోంచి అర్థం తీసే పని గురించి. ఒక గంట రికార్డింగ్‌ను చేత్తో రాయాలంటే నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది, ఇరవై ఇంటర్వ్యూలంటే కొన్ని వందల పేజీలు, అటు థీసిస్ గడువు ముంచుకొస్తుంటుంది. అందుకే అందరూ ఏఐ వైపు చూస్తున్నారు. చూడటంలో తప్పు లేదు. కాకపోతే ఏ పని దానికి ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో ముందే తేల్చుకోకపోతే చివరికి చేతిలో మిగిలేది ఏ ఊరికైనా అతికే నాలుగు పేజీల సారాంశం.

మొత్తం గైడ్‌లో నేను పట్టుకునే సూత్రాలు రెండే. ఏఐ చెప్పినదాన్ని ఇంటర్వ్యూ పాఠంలో లైన్ మీద వేలు పెట్టి చూపించగలిగితే ఆ పని దానికి ఇవ్వొచ్చు, చూపించలేకపోతే ఆ పని మనదే. ఇక రెండోది, ఏ ఇంటర్వ్యూనైనా ముందు మనిషి చదవాలి, ఆ తర్వాతే మెషీన్.

ఉదాహరణకు ఒక ప్రశ్న తీసుకుందాం. వరంగల్, హనుమకొండ జిల్లాల్లో, నర్సంపేట, వర్ధన్నపేట, పరకాల వైపు ఊళ్లలో, షుగర్, బీపీ గోలీలు సబ్‌సెంటర్‌లో ఉచితంగా ఇస్తున్నా కొందరు మధ్యలో ఎందుకు మానేస్తారు? కింద వచ్చే మాటలన్నీ ఈ ప్రశ్న కోసం నేను అల్లిన ఉదాహరణలు, ఎవరి నిజమైన ఇంటర్వ్యూలోవీ కావు.

1. ముందు పద్ధతి తేల్చుకోండి

చాలామంది టూల్‌తో మొదలుపెడతారు. ముందు విశ్లేషణ పద్ధతి తేలాలి, ఎందుకంటే ఏఐకి చోటు ఉందో లేదో చెప్పేది అదే. వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో చెప్పిన ఆరు దశల థీమాటిక్ అనాలిసిస్‌ను (మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చే అర్థాలను, అంటే థీమ్‌లను, తేల్చే పద్ధతి) మన దగ్గర థీసిస్‌లలో దాదాపు అందరూ రాస్తారు. కానీ వాళ్లే తర్వాత దాన్ని రిఫ్లెక్సివ్ పద్ధతి అని స్పష్టం చేశారు. అందులో పరిశోధకుడి అనుభవం, చూపు, స్థానం, ఇవే విశ్లేషణకు పనిముట్లు. జనరేటివ్ ఏఐని ఆ రకం విశ్లేషణలో వాడొద్దని 2025లో వాళ్లతో కలిపి కొన్ని వందల మంది పరిశోధకులు బహిరంగంగా రాశారు కూడా. కాబట్టి మెథడ్స్‌లో 'రిఫ్లెక్సివ్ థీమాటిక్ అనాలిసిస్' అని రాసి, కోడింగ్ (ప్రతి ముఖ్యమైన మాటకు అది దేని గురించో చెప్పే చిన్న పేరు, అంటే కోడ్, తగిలించడం) మొత్తం చాట్‌బాట్‌తో చేయిస్తే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

ఏఐ సాయం కావాలనుకుంటే ఫ్రేమ్‌వర్క్ పద్ధతి నయం. కోడ్‌బుక్ (కోడ్‌లు, వాటి నిర్వచనాల జాబితా) ఉంటుంది, అడ్డంగా మనుషులు, నిలువుగా కోడ్‌లు వేసి గళ్ల పట్టిక తయారు చేస్తాం, ప్రతి గడిలో ఏముందో మూలంతో సరిచూసుకోవచ్చు. ఆరోగ్య పరిశోధనలో ఇది ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదే, మీ థీసిస్ గైడ్‌ని ఒప్పించడం కూడా సులువు.

2. ఎథిక్స్, సమ్మతి

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో మనుషుల మీద పరిశోధనకు జాతీయ నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో వైద్యరంగంలో ఏఐ వాడకం మీద విడిగా ఇంకొకటి తెచ్చింది. రెండూ చదవండి. ప్రోటోకాల్‌లో (పరిశోధన ప్రణాళిక పత్రంలో) ఏ టూల్, ఏ వెర్షన్, ఏ దశలో, డేటా మీ కంప్యూటర్‌లోనే ఉంటుందా బయట సర్వర్‌కు పోతుందా, ఇవన్నీ రాసి ఎథిక్స్ కమిటీకి ముందే పెట్టండి. డేటా సేకరించాక 'ఏఐ కూడా వాడాం' అని చేర్చడం కుదరదు.

సమ్మతి పత్రంలో 'కృత్రిమ మేధ ఆధారిత విశ్లేషణ' అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. నోటితో ఇలా చెప్పండి: "అమ్మా, మీ మాటలు రికార్డు చేస్తం. కంప్యూటర్ ఆ మాటల్ని రాసిస్తది, మేము విని సరిచూస్తం. మీ పేరు, ఊరు పేరు తీసేస్తం. కంప్యూటర్ వద్దనుకుంటే చెప్పండి, మేమే చేత్తో రాసుకుంటం, మీకు రావాల్సిన మందులు ఆగవు." ఆ చివరి ముక్క తప్పకుండా చెప్పాలి. ఆశ కార్యకర్త వెంటబెట్టుకుని వచ్చిన మనిషికి వద్దంటే గోలీలు రావేమోనన్న భయం ఉంటుంది, అది బయటికి చెప్పరు. చదువు రానివాళ్ల దగ్గర వేలిముద్రతో పాటు మీ టీమ్‌కు సంబంధం లేని సాక్షి కూడా కావాలి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు కొంత వెసులుబాటు ఉంది. అది చూపించి సమ్మతి దగ్గర కోత పెట్టొద్దు. ఉచిత చాట్‌బాట్లలో చాలావాటికి మీరు వేసిన పాఠాన్ని తమ మోడల్ శిక్షణకు వాడుకునే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆపకుండా ఒక్క లైన్ కూడా వేయకండి. వీలైతే మీ లాప్‌టాప్‌లోనే ఇంటర్నెట్ లేకుండా నడిచే మోడల్ వాడండి. కొంచెం మొద్దుగా పనిచేసినా మనశ్శాంతి ఉంటుంది.

3. రికార్డింగ్, ఆ రోజు రాసుకునే నోట్స్

కూలర్ ఆపమనండి, మైక్ మనిషికి దగ్గరగా పెట్టండి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో వేయండి. రికార్డింగ్ గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

నోట్స్ గురించి మాత్రం గట్టిగా చెప్తాను. ఎవరు పక్కన కూర్చున్నారు, ఎప్పుడు లేచి వెళ్లారు, ఏ ప్రశ్నకు గొంతు తగ్గింది, తల ఊపి ఊరుకున్నది ఎక్కడ, గోలీల డబ్బా చూపించమంటే లోపలికెళ్లి ఎంతసేపటికి వచ్చారు, ఇవన్నీ ఆ సాయంత్రమే రాయాలి. "అంతా మంచిగనే ఉంది సార్, ఆశమ్మ నెలనెల తెచ్చిస్తది" అనే వాక్యం కాగితం మీద సంతృప్తిలా కనబడుతుంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ ఆశమ్మ అదే అరుగు మీద కూర్చుని ఉందని మీ నోట్స్‌లో లేకపోతే ఏఐకి తెలిసే దారే లేదు, ఆరు నెలల తర్వాత మీకూ గుర్తుండదు. ఈ నోట్స్‌ను ట్రాన్స్‌క్రిప్ట్ (ఇంటర్వ్యూ రాత ప్రతి) పైనే పెట్టుకోండి, వేరే ఫోల్డర్‌లో దాచొద్దు.

4. మాటను రాతలోకి తేవడం

ఏఐతో నిజంగా సమయం కలిసొచ్చేది ఇక్కడే. మాటను రాతగా మార్చే విస్పర్ అనే మోడల్‌ను ఓపెన్ఏఐ 2022లో విడుదల చేసింది, దాన్ని సొంత కంప్యూటర్‌లో నడపొచ్చు, తెలుగు కూడా రాస్తుంది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ల మోడళ్లు భారతీయ భాషల కోసమే తయారైనవి. రెండింట్లోనూ ఒకే పది నిమిషాల ఆడియో వేసి, ఏది తక్కువ తప్పులు చేస్తే దానితో వెళ్లండి. విస్పర్ చిన్న సైజు మోడళ్లు తెలుగులో బాగా తడబడతాయి, పెద్దదానికి మంచి గ్రాఫిక్స్ కార్డ్ కావాలి. కాలేజీలో ఎవరి దగ్గరైనా గేమింగ్ లాప్‌టాప్ ఉందేమో కనుక్కోండి, సిగ్గుపడొద్దు.

తప్పులు ఎక్కడ వస్తాయో తెలిస్తే దిద్దడం తేలిక. విస్పర్ ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది, మౌనం ఎక్కువున్న చోట ఎవరూ అనని వాక్యాన్ని కల్పించి రాసే అలవాటు దానికి ఉంది, ఒక్కోసారి అదే వాక్యాన్ని పదిసార్లు రాసుకుంటూ పోతుంది. ఇంగ్లీష్ రికార్డింగ్‌ల మీద 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో సుమారు ఒక శాతం ముక్కల్లో ఇలాంటి కల్పనలు బయటపడ్డాయి. ఒక శాతమేగా అనిపించొచ్చు. కానీ ఆ కల్పన పడేది సరిగ్గా మనిషి మాట రాక ఆగిపోయిన చోట, అంటే మనకు అన్నిటికన్నా ముఖ్యమైన చోట. మౌనాలను ముందే కత్తిరించే ఆప్షన్ వాడితే కల్పనలు తగ్గుతాయి. అప్పుడు మౌనాలు ట్రాన్స్‌క్రిప్ట్‌లోంచి మాయమవుతాయి కాబట్టి అసలు ఆడియో వింటూ 'ఆగారు', 'చాలాసేపు ఆగారు' అని చేత్తో మళ్లీ చేర్చాలి.

రెండో చిక్కు మన యాస. "గోలీలు ఏస్కుంటలేను, పొద్దుగాల పత్తి ఏర వోతె యాదికుంటదా" అని ఆవిడ అంటే, మోడల్ దాన్ని పుస్తకాల తెలుగులోకి చదును చేసి 'మాత్రలు వేసుకోవడం లేదు, ఉదయం పత్తి ఏరడానికి వెళ్తే గుర్తుండదు' అని రాస్తుంది. తప్పు పెద్దగా లేదనిపిస్తుంది. కానీ ఆవిడ ప్రశ్నలాగా ఎదురడిగిన మాట చప్పటి వాక్యం అయిపోయింది, మీ మీద కొంచెం విసుక్కున్న సంగతి పోయింది. అందుకని ప్రతి ఇంటర్వ్యూ మొత్తం, మళ్లీ చెప్తున్నాను, మొత్తం, ఆడియో వింటూ దిద్దాలి. ఆ పని వీలైతే ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకే ఇవ్వండి. మెషీన్ తొలి ప్రతి ఇచ్చాక కూడా దిద్దడానికి గంట ఆడియోకు గంటన్నర, రెండు గంటలు పెట్టుకోండి. లేదు అంటే లేదనే రాసిందా, 'మందు' అన్నది గోలీనా సారానా పురుగుల మందా, మాట ఎవరిది, అత్తదా కోడలిదా, ఇవి ప్రత్యేకంగా చూడాల్సినవి.

ములుగు జిల్లా ఏటూరునాగారం, తాడ్వాయి వైపు కోయ మాట్లాడేవాళ్లతో, ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు గోండీ మాట్లాడేవాళ్లతో, లంబాడీ తండాల్లో చేసిన ఇంటర్వ్యూలకు ఈ దారి పనికిరాదు. విస్పర్ భాషల జాబితాలో ఇవి లేవు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025లో తెచ్చిన ఆది వాణి అనే గిరిజన భాషల అనువాద టూల్‌లో గోండీ ఉంది గానీ అది ఛత్తీస్‌గఢ్ గోండీ. ఆ భాష వచ్చిన మనిషిని టీమ్‌లోకి తీసుకోండి, పేరుకు దుబాసీగా కాదు, విశ్లేషణలో కూడా కూర్చోబెట్టండి.

5. ఆనవాళ్లు తీసేయడం

పేర్లు, ఫోన్ నంబర్లు, ఊరి పేర్లు వెతికి పట్టడంలో ఏఐ బాగానే సాయపడుతుంది, అయితే ఆ పని మీ కంప్యూటర్‌లోనే నడిచే మోడల్‌తో మాత్రమే చేయించాలి. ఆనవాళ్లు తీయమని ఆనవాళ్లతో సహా బయట సర్వర్‌కు పంపేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. పైగా మన ఊళ్లలో పేరు తీసేస్తే సరిపోదు. 'మాజీ సర్పంచ్ రెండో కోడలు, డయాలసిస్‌కు వెళ్తుంది' అని ఉంటే మండలం మొత్తానికి తెలిసిపోతుంది. అలాంటివి పట్టాలంటే ఆ ఊరు తెలిసిన మనిషే కావాలి.

6. మెషీన్ కన్నా ముందు మీరు చదవండి

అన్ని ఇంటర్వ్యూలూ ఒకసారి మీరు చదవాలి, మొదటి నాలుగైదింటిని ఇద్దరు విడివిడిగా కోడ్ చేయాలి. అప్పటిదాకా ఏఐ సారాంశం చూడొద్దు. ఒకసారి దాని ఐదు పాయింట్లు చదివామంటే ఆ తర్వాత ఇంటర్వ్యూలో మనకు ఆ ఐదే కనబడతాయి, ఆరోది కళ్లముందున్నా దాటిపోతాం. ప్రతి ఇంటర్వ్యూ అయ్యాక అరపేజీ మెమో రాయండి: ఏది ఆశ్చర్యపరిచింది, ఏది నమ్మబుద్ధి కాలేదు, ఇంకేం అడగాల్సింది. తేదీ వేసి పెట్టుకోండి. మీ ఆలోచన ముందా, మెషీన్ సూచన ముందా అని రేపు ఎవరైనా అడిగితే ఆ తేదీలే సాక్ష్యం.

ఇద్దరూ కూర్చుని కోడ్‌బుక్ చేయండి. ప్రతి కోడ్‌కు పేరు, రెండు వాక్యాల నిర్వచనం, ఏది దీని కిందికి వస్తుంది, ఏది రాదు, ఒక్కో ఉదాహరణ. 'బాగయ్యాక ఆపేయడం', 'పని రోజులకు అడ్డం', 'ఇంట్లో చెప్పకపోవడం', 'ఆర్ఎంపీ సలహా', 'దవాఖానలో మర్యాద' ఇలా. తెలుగులోనే రాయండి, ఇంగ్లీష్‌లోకి మార్చడం చివర్లో చూసుకోవచ్చు.

7. ఇప్పుడు ఏఐకి కోడింగ్ ఇవ్వండి

ఒకసారికి ఒకే ఇంటర్వ్యూ. అన్నీ కలిపి పడేస్తే పొడవైన పాఠం మధ్యలో ఉన్నవి మోడళ్లు సరిగా పట్టించుకోవు, ఇది 2023 నుంచీ తెలిసిన బలహీనతే. ప్రతి లైన్‌కు నంబర్ వేసి ఇవ్వండి. సూచన ఇలా ఉండొచ్చు:

"నీకు ఒక కోడ్‌బుక్, ఒక ఇంటర్వ్యూ ఇస్తున్నాను. ఈ కోడ్‌లు మాత్రమే వాడు. ప్రతి కోడ్ దగ్గర లైన్ నంబర్, ఆ లైన్‌లోని మాటలు ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఇవ్వు. ఏ కోడూ కుదరని ముఖ్యమైన లైన్లను 'కుదరలేదు' అని విడిగా చూపించు. రెండు రకాలుగా అర్థమయ్యే చోట 'సందేహం' అని రాయి. వాళ్లు చెప్పని కారణాన్ని ఊహించి రాయకు."

'కుదరలేదు' జాబితా చాలా పనికొస్తుంది, కొత్త కోడ్‌లు ఎక్కువగా అక్కడినుంచే పుడతాయి. అదే ఇంటర్వ్యూను ఇంకోసారి కొత్త చాట్‌లో వేసి చూడండి, రెండుసార్లూ ఒకే జవాబు రాదు. తేడా వచ్చిన లైన్లను చేత్తో చూడాల్సినవిగా గుర్తుపెట్టుకోండి. ఇంకో మాట, 'ఇంట్లో మగవాళ్లు అడ్డుపడటం ఇక్కడ ముఖ్యమే కదా?' అని అడగకండి. అవునంటుంది. ఏది అడిగినా అవుననే స్వభావం ఈ మోడళ్లది.

8. తగువు పట్టిక

నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తానికి గుండెకాయ ఇదే. ఎక్సెల్‌లో నాలుగు నిలువు వరుసలు: లైన్, మీ కోడ్, ఏఐ కోడ్, తీర్పు. ఇద్దరూ ఒప్పుకున్నవి వదిలేసి తేడాలు మాత్రమే చూడండి. కొన్నిచోట్ల మీరు అలసటతో దాటేసినదాన్ని అది పట్టి ఉంటుంది, ఒప్పుకుని చేర్చుకోండి. కొన్నిచోట్ల అది తేలిపోతుంది. "ఆఁ, మస్తు చూస్తరు దవాఖానల, పోంగనే చిట్టీ రాసిచ్చి పంపుతరు" అన్న మాటను 'సేవలపై సంతృప్తి' కింద వేస్తుంది, ఆ వెటకారం దానికి వినబడదు. ఎందుకు కొట్టేశారో ఒక వాక్యం రాయండి, ఉత్త 'తప్పు' అని కాదు.

ఇంకో రకం తేడాల మీద ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే అక్కడ ఇద్దరి వాదనా సబబుగానే ఉంటుంది. "పైసల్ లేక కాదు సార్, పోవుడే కుదుర్తలేదు. పత్తి ఏరే టైంల ఒక్కరోజు పోతే కూలి పాయె" అన్నారనుకోండి. మీరు 'పని రోజులకు అడ్డం' అని వేశారు, ఏఐ 'ఖర్చు' అని వేసింది. పైసలు కాదని ఆ మనిషే అన్నారు, వెంటనే కూలి పోతుందనీ అన్నారు. గోలీ ఉచితమే, దాని కోసం పోయిన రోజు ఉచితం కాదు. ఇక్కడ ఎవరిది గెలుపు అని కాదు, మీ కోడ్‌బుక్‌లో 'ఖర్చు' నిర్వచనమే సరిగా లేదు. దాన్ని మార్చి, అప్పటిదాకా చేసిన ఇంటర్వ్యూలన్నీ ఆ కోడ్ వరకు మళ్లీ చూడాలి. విసుగే, కానీ మీ అధ్యయనంలో చెప్పుకోదగ్గ సంగతి ఏదైనా దొరికితే సాధారణంగా ఇలాంటి చోటే దొరుకుతుంది.

కోహెన్ కప్పా అనే అంకె (ఇద్దరి కోడింగ్ ఎంత కలిసిందో చెప్పేది) లెక్కేసి మనిషికీ ఏఐకీ ఇంత ఏకీభావం ఉంది అని చూపించాలా? ఫ్రేమ్‌వర్క్ పద్ధతిలో అడిగితే చూపించొచ్చు, నష్టం లేదు. కానీ ఎక్కువ వచ్చిందని సంబరపడొద్దు, ఇద్దరూ కలిసి ఒకే వెటకారాన్ని పోగొట్టుకున్నా కప్పా బాగానే వస్తుంది.

9. థీమ్‌లు మీవి, ఎదురువాదం దానిది

థీమ్‌లు రాసి ఇవ్వమని ఏఐని అడిగితే 'ఆర్థిక అవరోధాలు', 'అవగాహన లోపం', 'కుటుంబ మద్దతు' అని ఇస్తుంది. ఏ జిల్లాలో, ఏ జబ్బు మీద అడిగినా ఇవే వస్తాయి, చదవనక్కర్లేదు. థీమ్‌లు మీరు, మీ తోటి పరిశోధకులు, వీలైతే ఆ ఊళ్లలో పనిచేసిన ఏఎన్ఎం ఒకరు కూర్చుని, పట్టిక ముందేసుకుని, వాదించుకుని తేల్చాలి.

అవి కుదిరాక ఏఐకి ఎదురు పని ఇవ్వండి: 'ఇదీ నా వాదన. దీనికి వ్యతిరేకంగా ఈ ఇంటర్వ్యూలో ఏ లైన్లున్నాయో నంబర్లతో చూపించు.' పత్తి పనుల కాలంలో మానేస్తున్నారని మీరంటుంటే, పనుల్లేని ఏప్రిల్, మే నెలల్లో మానేసినవాళ్లు ఎక్కడున్నారో అది వెతికి పెడుతుంది. ఓపిగ్గా వెతకడం దానికి బాగా వచ్చు, మనకే అది తక్కువ. ఇలా దొరికినవాటిని దాచకుండా ఫలితాల్లోనే రాయండి.

10. రాతలోకి వచ్చేముందు

ప్రతి కొటేషన్‌నూ ట్రాన్స్‌క్రిప్ట్ ఫైల్‌లో కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతకండి. దొరకకపోతే అది కల్పితం లేదా అతికించినది, తీసేయండి. ఏఐ ఇచ్చే ఇంగ్లీష్ అనువాదాలనూ నమ్మేయకుండా తెలుగు పక్కన పెట్టి చూడండి, గైడ్ ఒప్పుకుంటే తెలుగు మాటను కూడా అచ్చులో ఉంచండి.

గుణాత్మక అధ్యయనాన్ని రాసేటప్పుడు ఏమేం చెప్పాలో చూపే, 2007లో వచ్చిన కోరెక్ చెక్‌లిస్ట్‌లో 32 అంశాలున్నాయి, ఇంటర్వ్యూ అధ్యయనాలకు చాలా జర్నళ్లు దాన్ని అడుగుతాయి. అందులో ఏఐ ప్రస్తావన లేదు కాబట్టి డేటా విశ్లేషణ భాగంలో మీరే చేర్చాలి: టూల్ పేరు, వెర్షన్, వాడిన నెల, ఏయే దశల్లో వాడారు, ఎవరు సరిచూశారు, ఎన్ని తేడాలొచ్చాయి, ఎలా తేల్చారు. 'ఏఐ సహాయంతో విశ్లేషించాం' అనే ఒక్క ముక్క చాలదు. ఇచ్చిన సూచనలు, కోడ్‌బుక్ పాత వెర్షన్లు, తగువు పట్టిక, ఇవన్నీ తేదీలతో అనుబంధంగా పెట్టండి. ఆడియో ఫైళ్లను ప్రోటోకాల్‌లో రాసిన గడువుకు చెరిపేయండి, క్లౌడ్‌లో ఆటోమేటిగ్గా చేరిన కాపీతో సహా, ఫోన్‌లో మిగిలిన కాపీతో సహా.